గాయపడిన జట్టుతో బంగారం గెలిచిన గురువు – సయ్యద్ అబ్దుల్ రహీం

ఫుట్‌బాల్ ఆటలో కాలు బంగారం. ఆ కాలికే దెబ్బ తగిలితే ఆటగాడి బతుకు ఒక్క సాయంత్రంలో తలకిందులవుతుంది. మోకాలు బెణికి, మడమ విరిగి, పాతికేళ్ళు నిండకుండానే మైదానం వదిలిపోయిన కుర్రాళ్ళు ఎందరో. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి కొండల చుట్టుపక్కల, కలిగిరిలో, ఆత్మకూరులో బడి మైదానాల్లో బంతి తన్నే పిల్లలకు కూడా ఈ సంగతి తెలియనిది కాదు. దెబ్బ తగిలిన రోజు స్నేహితులు భుజాల మీద మోసుకుని ఇంటికి చేరుస్తారు. వారం తిరిగేసరికి అతని చోటులో మరొకడు ఆడుతుంటాడు.

అలా పక్కన కూర్చోబెట్టవలసిన ఆటగాడిలో ఇంకా మిగిలి ఉన్నదేమిటో చూడగలిగిన గురువు ఒకరు మన రాష్ట్రాల గడ్డమీద పుట్టారు. తలకు కుట్లు పడిన ఆటగాడిని, జ్వరం నుంచి లేచిన గోల్‌కీపర్‌ను, కాలి వేలికి దెబ్బ తగిలిన రక్షకుడిని వెంటబెట్టుకుని ఆసియాలోనే ఉత్తమ జట్టును ఓడించి, భారతదేశానికి బంగారు పతకం తెచ్చిన ఆ మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు వాసులకు ఆయన రహీం సాహెబ్. ఆ విజయం తరువాత తొమ్మిది నెలలకే ఆయన జీవితమే అర్ధాంతరంగా ముగిసిపోవడం భారత ఫుట్‌బాల్ చరిత్రలో తీరని విషాదం.

బడిపంతులు

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న నిజాం రాజ్యంలోని హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. విశ్వవిద్యాలయ జట్టులో మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నారు. చదువు ముగిశాక స్థానిక లీగ్ పోటీల్లో ఖమర్ క్లబ్ తరఫున ఆడారు. అయితే ఆయన జీవనోపాధి మాత్రం బడిపంతులు ఉద్యోగమే. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల వంటి చోట్ల పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పిల్లల ఆటపాటల బాధ్యత చేపట్టారు.

ఆయన గొప్ప శిక్షకుడు కావడానికి మూలం ఈ పంతులుగిరిలోనే ఉంది. బడిలో అందరు పిల్లలూ ఒకే రకంగా ఉండరు. ఒకడికి లెక్కలు వస్తాయి, ఒకడికి రావు. రానివాణ్ణి బడినుంచి వెళ్ళగొట్టడం పంతులు పని కాదు. వాడికి ఏది వస్తుందో కనిపెట్టి ఆ దారిన నడిపించడమే పంతులు పని. రహీం సాహెబ్ ఈ పద్ధతినే తరగతి గదినుంచి మైదానానికి తీసుకువచ్చారు.

1940లలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చివరి శ్వాస దాకా నగరంలోని ఆటకు ఆయనే పెద్దదిక్కు. చిన్న పిల్లలకు వయసులవారీ పోటీలు పెట్టారు. బంతిని కాళ్ళ మధ్య పెట్టుకుని విన్యాసాలు చేయకుండా, అందిన వెంటనే తోటివాడికి పంపాలనే నిబంధనతో ప్రత్యేక పోటీలు నడిపారు. కుడికాలితో ఆడే అలవాటున్న వారిచేత ఎడమకాలితో సాధన చేయించారు. ఒక కాలిమీదే ఆధారపడిన ఆటగాడు సగం ఆటగాడేనని ఆయన అభిప్రాయం. దీనిలో మరో లాభం కూడా ఉంది. బంతి వెంటనే చేతులు మారినట్టు కాళ్ళు మారితే ఎదుటివాడు వచ్చి కాలిమీద పడే అవకాశం తగ్గుతుంది.

పోలీసు జట్టు వైభవం

1950 నుంచి రహీం సాహెబ్ శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు దేశమంతటా మారుమోగింది. ఆ రోజుల్లో బొంబాయిలో జరిగిన ప్రతిష్ఠాత్మకమైన రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచింది. కలకత్తా జట్లదే రాజ్యమని అనుకునే రోజుల్లో దక్కను కుర్రాళ్ళు ఇలా వరుసగా కప్పు ఎత్తుకుపోవడం ఆనాటి పెద్ద వార్త. 1956–57లోను, 1957–58లోను హైదరాబాదు రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీ గెలుచుకుంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆనాటి ఆటగాళ్ళకు నేటిలాగా కోట్ల రూపాయల ఒప్పందాలు లేవు. పేరుకు అందరూ ఔత్సాహికులే. పోలీసుశాఖలోనో, రైల్వేలోనో, సైన్యంలోనో ఒక చిన్న ఉద్యోగం, ఆ జీతంతో ఇల్లు గడవడం, సాయంత్రం మైదానం – ఇదే వారి జీవితం. కాలు బాగున్నంతకాలం పేరు ఉంటుంది, కాలు పోయినా పొయ్యి ఆరదు అనే ధీమాను ఆ ఉద్యోగమే ఇచ్చింది. పాతబస్తీ సందుల్లో, సికింద్రాబాదు బస్తీల్లో పెరిగిన ఎందరో పేద కుర్రాళ్ళకు బంతి ఒక బతుకుతెరువు చూపింది.

సికింద్రాబాదు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అలాంటి కుర్రవాడే. మైదానానికి రోజూ వచ్చిపోయే స్థోమత అతనికి లేకపోతే, సైకిలు అద్దెకు రహీం సాహెబ్ తన జేబునుంచి డబ్బు ఇచ్చేవారు. ఆ కుర్రవాడే తరువాత భారతదేశపు అత్యుత్తమ ఆటగాళ్ళలో ఒకడిగా నిలిచాడు.

ఉత్త పాదాలతో హెల్సింకీలో

1951లో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. రహీం సాహెబ్ శిక్షణలో భారత జట్టు ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తాన్‌ను చెరి 3–0 తేడాతో ఓడించి, ఫైనల్లో సాహూ మేవాలాల్ చేసిన గోలుతో ఇరాన్‌పై 1–0తో గెలిచి స్వర్ణం సాధించింది. జట్టు నాయకుడు శైలేన్ మన్నా.

మరుసటి సంవత్సరమే గట్టి దెబ్బ తగిలింది. 1952 జూలైలో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10–1 తేడాతో చిత్తుగా ఓడింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఉత్త పాదాలతో ఆడినవారే. ఎండ కాచిన మన నేలమీద ఉత్త పాదం బంతికి మంచి పట్టు ఇస్తుంది. చలిదేశంలో, తడి పచ్చికమీద, మేకుల బూట్లు తొడిగిన ప్రత్యర్థుల మధ్య అదే పాదం నిస్సహాయమవుతుంది. పైగా మన దేశవాళీ పోటీలు ఆ రోజుల్లో 70 నిమిషాలే. ప్రపంచం 90 నిమిషాలు ఆడుతోంది. చివరి 20 నిమిషాలు మనవాళ్ళకు ఊపిరి అందని నిమిషాలు.

ఈ ఓటమి తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీం సాహెబ్ పరాజయానికి అదృష్టాన్ని నిందిస్తూ కూర్చోలేదు. దమ్ము పెంచే కసరత్తులు, వేగంగా బంతి అందించుకునే పద్ధతి, ఆటగాళ్ళు ఒకరి చోటులోకి ఒకరు మారుతూ ఆడే తీరు నేర్పించారు. ఐరోపా జట్ల ఆటను శ్రద్ధగా గమనించి మనకు పనికివచ్చేదాన్ని స్వీకరించారు.

మెల్‌బోర్న్, రోమ్

ఆ కృషి ఫలితం నాలుగేళ్ళకు కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను భారత్ 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీఫైనల్లో ఎదురైంది మళ్ళీ యుగోస్లావియాయే. మొదటి గోలు మనవాళ్ళే చేశారు. చివరకు 4–1తో ఓడినా, హెల్సింకీలో పది గోళ్ళు తిన్న దేశం ఇదేనా అని అందరూ ఆశ్చర్యపోయారు. కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో ఓడి మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ చేరిన అత్యున్నత స్థానం నేటికీ అదే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, పీటర్ తంగరాజ్, బలరాం – ఇలా హైదరాబాదు, సికింద్రాబాదుల ఆటగాళ్ళు ఆ జట్టులో ఎందరో.

1960లో రోమ్ ఒలింపిక్స్‌లో మన జట్టు హంగరీతో 2–1 తేడాతో మాత్రమే ఓడింది. ఫ్రాన్స్‌ను 1–1తో నిలువరించింది. పెరూ చేతిలో 3–1తో ఓడి ఇంటిముఖం పట్టింది. ఆ జట్టులో రహీం సాహెబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా సభ్యుడే. కాని ఒక్క ఆటలోనూ మైదానంలోకి దిగలేదు. కన్నకొడుకైనా సరే, ఆ చోటికి మరొకరు తగినవారైతే బల్లమీద కూర్చోవలసిందే. శిక్షకుడి నిజాయితీకి ఇంతకన్నా తార్కాణం ఏం కావాలి? ఆ తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ గడప తొక్కనే లేదు.

జకార్తా పరీక్ష

1962 ఆగస్టులో ఆసియా క్రీడలకు జకార్తా వేదికైంది. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ప్రవేశం నిరాకరించింది. ఈ విషయంపై భారతీయ క్రీడా ప్రముఖుడు గురుదత్ సోంధీ తెలిపిన అభ్యంతరం అక్కడి జనానికి ఆగ్రహం తెప్పించింది. మన రాయబార కార్యాలయం మీద కూడా ఆందోళనకారులు దాడి చేశారు. భారతీయులు ఎక్కడ కనిపించినా జనం గేలి చేసే పరిస్థితి.

మైదానంలోనూ ఆరంభం బాగాలేదు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. రెండో ఆటలో థాయిలాండ్‌ను 4–1తో గెలిచారు గాని, ఆ గెలుపుకు మూల్యం చెల్లించవలసి వచ్చింది. వెనుక వరుసకు వెన్నెముక వంటి జర్నైల్ సింగ్ తలకు పెద్ద గాయమై ఆరు కుట్లు పడ్డాయి. ఆ రోజుల్లో ఆట మధ్యలో గాయపడినవాడి బదులు మరొకరిని దింపే వీలు మామూలుగా ఉండేది కాదు. అందుచేత ఒక దెబ్బ తగిలిందంటే అది ఒక్క ఆటగాడికి తగిలిన దెబ్బ కాదు, జట్టు మొత్తానికి తగిలినట్టే. జపాన్‌పై 2–0 గెలుపుతో సెమీఫైనల్ చేరేసరికి గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరంతో మంచం పట్టాడు. త్రిలోక్ సింగ్ కాలి వేలికి గాయం.

మరొక శిక్షకుడైతే గాయపడినవారిని పక్కన పెట్టి, ఉన్నవారితో సరిపెట్టుకునేవాడు. రహీం సాహెబ్ వేరొకటి ఆలోచించారు. వెనుక వరుసలో ఆడేవాడు గాలిలో వచ్చే ప్రతి బంతికీ తలతో ఎగరాలి. కుట్లు పడిన తలతో అది సాగదు. కాని జర్నైల్ సింగ్ ఇదివరకు ముందు వరుసలోనూ ఆడినవాడే. మంచి శరీర దారుఢ్యం, దూసుకుపోయే తెగువ ఉన్నవాడు. అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్లో భారత్ 3–2తో గెలిచింది. అందులో ఒక గోలు జర్నైల్ సింగ్‌దే. మిగిలిన రెండూ కెప్టెన్ చునీ గోస్వామివి.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియా. సుమారు లక్షమందితో కిటకిటలాడుతున్న స్టేడియంలో భారత జట్టు పేరు వినపడితే చాలు అరుపులు, ఈలలు. ముందురోజు రాత్రి రహీం సాహెబ్ ఆటగాళ్ళను పిలిచి, తనకు కానుకగా బంగారు పతకం కావాలని అడిగారట. ఆ జట్టువారు జీవితాంతం ఈ మాట గుర్తు చేసుకున్నారు. జ్వరం తగ్గిన తంగరాజ్‌ను గోలులో నిలిపారు. పొడగరి అయిన అతనే కొరియా దాడులకు సరైన జవాబని ఆయన నమ్మకం. త్రిలోక్ సింగ్ గాయపడిన వేలితోనే దిగాడు. జర్నైల్ సింగ్ తలకు కట్టుతో ముందు వరుసలో నిలిచాడు.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు చేశాడు. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ రెండో గోలు కొట్టాడు. కొరియా ఎంత ప్రయత్నించినా 85వ నిమిషంలో గాని ఒక గోలు చేయలేకపోయింది. 2–1తో భారత్ ఆసియా విజేత అయింది. తొలి ఆటలో తమను ఓడించిన జట్టునే మనవాళ్ళు చివరి ఆటలో ఓడించారు.

దేశ విభజనలో సర్వం వదులుకుని లాయల్‌పూర్ నుంచి వచ్చిన సిక్కు జర్నైల్ సింగ్, క్రైస్తవుడు తంగరాజ్, హైదరాబాదు పోలీసు జట్టు ముస్లిం కుర్రవాడు యూసుఫ్ ఖాన్, సికింద్రాబాదు బలరాం, బెంగాలీ బాబులు చునీ గోస్వామి, బెనర్జీ – వీరందరినీ ఒక్క తాటిమీద నడిపినవారు ఒక బడిపంతులు. ఆయన జట్టులో ఎవరి పుట్టుకనూ, భాషనూ ఎంచలేదు. ఎవరి కాలిలో ఏముందో మాత్రమే చూశారు.

అయితే ఒక మాట చెప్పుకోక తప్పదు. తలకు దెబ్బ తగిలినవాడు పూర్తిగా కోలుకునేదాకా మైదానంలోకి రాకూడదని నేటి వైద్యులు ఖండితంగా చెబుతున్నారు. తలమీద పడే వరుస దెబ్బలు ఏళ్ళ తరువాత మెదడుకు కీడు చేస్తాయని ఇప్పుడు బాగా తెలుసు. 1962లో ఈ జ్ఞానం ఇంత విస్తృతంగా లేదు. కనుక జకార్తానుంచి మనం నేర్చుకోవలసింది గాయంతో ఆడమని కాదు. గాయపడినవాణ్ణి పనికిరానివాడిగా లెక్క కట్టవద్దని. గురువుకు కావలసిన చూపు అదే.

అర్ధాంతరంగా ముగిసిన జీవితాలు

జకార్తా విజయం నాటికి రహీం సాహెబ్‌కు 53 ఏళ్ళు. శిక్షకుడికి అది పెద్ద వయసు కాదు, అనుభవం పండే వయసు. 1964 ఒలింపిక్స్ ముందున్నాయి. కాని క్యాన్సర్ ఆయన్ను లోపలినుంచి తినివేసింది. 1963 జూన్ 11న హైదరాబాదులో ఆయన కన్నుమూశారు. ఎందరో ఆటగాళ్ళకు మైదానంలో చోటు మార్చి కొత్త జీవం పోసిన గురువుకు, తన విషయంలో మార్చుకునేందుకు మరో చోటు లేకపోయింది. ఆయుష్షు అల్లాహ్ చేతిలోనిది.

విచిత్రమేమంటే ఆ 1963లోనే ఆయన ప్రియశిష్యుడు బలరాం ఆట కూడా ముగిసిపోయింది. ఊపిరితిత్తులకు సోకిన వ్యాధివల్ల, ఇంకా ముప్ఫై ఏళ్ళు నిండకుండానే, ఆట ఉచ్ఛస్థితిలో ఉండగా బలరాం బూట్లు విప్పవలసి వచ్చింది. గురువు పోయిన ఏడాదే శిష్యుడు మైదానం వీడాడు. ఆ తరువాత ఆరు దశాబ్దాలు బెంగాల్లో జీవించి 2023 ఫిబ్రవరిలో మరణించాడు. జకార్తా వీరుడు యూసుఫ్ ఖాన్ చివరి సంవత్సరాలు పార్కిన్సన్స్ వ్యాధితో గడిచాయి. 2006లో ఆయన మరణించాడు. ఆటగాళ్ళకు చప్పట్లు కొట్టినంత సులువుగా వారి తరువాతి బతుకులను మనం పట్టించుకోమనడానికి ఇవి సాక్ష్యాలు.

రహీం సాహెబ్ వెళ్ళిపోయాక భారత ఫుట్‌బాల్ మునుపటి ఎత్తుకు చేరలేదు. 1964 ఆసియా కప్పులో రెండో స్థానం, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం – ఆయన పెంచిన తరం కాంతి అంతవరకు ప్రసరించింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన చివరి బంగారం ఇప్పటికీ 1962 నాటిదే.

శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్ళు. కుమారుడు హకీం అంతర్జాతీయ రెఫరీగా పేరు తెచ్చుకుని, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని, 2021 ఆగస్టులో మరణించారు. 2024 ఏప్రిల్‌లో విడుదలైన మైదాన్ అనే హిందీ చిత్రం రహీం సాహెబ్ జీవితాన్ని తెరకెక్కించింది. ఆయన పేరే వినని నవతరానికి ఆ విధంగానైనా ఆయన పరిచయమయ్యారు. తెలుగు గడ్డమీద పుట్టి ఇంతటి కీర్తి తెచ్చిన మనిషిని తెలుసుకోవడానికి మనకు అరవై ఏళ్ళు పట్టడం ఆలోచించవలసిన విషయం.

నేడు మన మెట్ట పల్లెల్లో బంతి తన్నే కుర్రాడి కాలు బెణికితే ముందు విశ్రాంతి ఇవ్వాలి, వైద్యం చేయించాలి. వాపు తగ్గకముందే పౌరుషానికి పోయి ఆడనివ్వకూడదు. ఇది తల్లిదండ్రుల బాధ్యత. ఆ పిల్లవాడు ఇక పరుగెత్తలేడని తేలినా అతని చేతినుంచి ఆటను లాక్కోకపోవడం గురువుల బాధ్యత. పరుగెత్తలేనివాడు చిన్నపిల్లలకు నేర్పవచ్చు. ఈల పట్టుకుని రెఫరీ కావచ్చు. జట్టును నడపవచ్చు. రహీం సాహెబ్ మైదానంలో తాను ఆడి సంపాదించిన కీర్తి కొద్ది. గీత పక్కన నిలబడి, ఇతరుల కాళ్ళకు దారి చూపి సంపాదించినదే దేశం గుర్తుంచుకున్న కీర్తి.